పాఠశాలకు నిరోధకముల నెన్నుకొనుట



గడచిన మాసమున పుస్తకముల బీరువాకు చెదలు పట్టకుండ కాపాడు విధమును గూర్చి వ్రాసియుంటిమి. ఈ మాసము మేమెత్తుకొన్న విషయము పేరు వినినంతనే కొందరు పుట త్రిప్పివేయుదురేమో యని మాకు శంక గలదు. బడిపిల్లల ఎలక్ట్రానిక్సు పాఠములకు వలయు నిరోధకములను మన్నిక చూచి యెన్నుకొనుట యెట్లు? ఇదియా ఆడువారి పత్రికలో వ్రాయవలసినది యని నవ్వువారికి మా సమాధానమొక్కటే. జూను నెలలో బడులు తెరచునప్పుడు ప్రయోగశాలకు కావలసిన సామానుల పట్టీ పేరునకు బడిలో తయారగును గాని, నిజమునకు అది మన వంటయింటి గడపకడనే తుదిరూపము పొందును. "ఉన్న రూపాయలింతే, ఇందులో నేవి మానవచ్చును?" అని మా యింటి పంతులుగారు మమ్మడుగని సంవత్సరము లేదు. సరకుల పట్టీలో కొట్టివేతలు చేసి నెల గడపుటలో మనకున్న యభ్యాసము పంతుళ్లకెక్కడిది!

ఆ పట్టీలో అన్నిటికంటె అగ్గువ వస్తువు నిరోధకము. వంద చొప్పున కొన్నచో చిన్నరకము ఒక్కొక్కటి రూపాయి కూడ పడదు. అందుచేతనే దానిని గూర్చి యెవ్వరును ఆలోచింపరు. చేతికందినది పొట్లము కట్టించుకొని వత్తురు. ఆరు మాసములు తిరుగక మునుపే కొన్ని విరుగును, కొన్ని మాడిపోవును, మిగిలినవి కలగలసి యేది యేదో తెలియకుండును. పిమ్మట జరుగు పనియే మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది. మేమెరిగిన యొక పాఠశాలలో సామానులు చెడిపోవుచున్నవని వానిని బీరువాలో పెట్టి తాళము వేసిరి. ప్రయోగమునాడు మాత్రము పెట్టె బల్లమీదికి వచ్చును. ఉపాధ్యాయుడు గాని, ముందువరుసలోని యిద్దరు చురుకైన మగపిల్లలు గాని తీగలు కలుపుదురు. వెనుకవరుసలోని బాలికలు వారు చెప్పిన అంకెలను నోటుపుస్తకములలో చక్కని దస్తూరితో ఎక్కించుకొందురు. పరీక్షలో మార్కులు వారికే యెక్కువ వచ్చును. అయినను ఒక్క తీగనైనను తమ చేతులతో కలిపి యెరుగరు. విరిగిపోవు వస్తువును ఎవ్వరును పిల్లల చేతికీయరు. అందులోను ఆడపిల్ల చేతికి చిట్టచివరనే యిత్తురు. కావున నిరోధకముల మన్నిక యన్నది రూపాయల లెక్క మాత్రమే కాదు, ఆ బీరువా తాళపు లెక్క కూడ.

ఈ వస్తువును చూడనివారి కొరకు రెండు మాటలు. పొలములోనికి పారు కాలువకు తూము ఎట్టిదో, విద్యుత్ప్రవాహమునకు నిరోధకము అట్టిది, పోవలసినంతయే పోనిచ్చును. చిన్నరకము బియ్యపుగింజంత యుండి, రెండు కొనలనుండి రెండు సన్నని తీగలు సాగియుండును, ఒడలిమీద రంగుచారలుండును. పుస్తకములలో నిరోధకమనియు, ఇంగ్లీషున రెసిస్టరనియు పేరు. మా జహీరాబాదు బజారులో రేడియోలు, మిక్సీలు బాగుచేయువారి యొద్దకు పోయినప్పుడు "రెజిస్టెన్సు" అని యడుగుట మేలు. దాని యడ్డగించు శక్తిని ఓములలో కొలుతురు. అట్లు అడ్డగించునప్పుడు పుట్టు వేడిని వాట్టులలో లెక్కింతురు. ఇస్త్రీపెట్టెలో కాగు తీగయు నిరోధకమే. దానినుండి మనము వేడిని కోరుదుము, దీనినుండి కోరము. కోరకున్నను పుట్టక మానదు. మన్నిక కథయంతయు ఇందులోనుండియే బయలుదేరును.

అంగడిలో ఏమియు చెప్పక యడిగినచో సాధారణముగా ఇచ్చునది పావు వాట్టు రకము. అనగా పావు వాట్టు వేడివరకు ఓర్చునది. మన తెలంగాణ రాష్ట్రపు పదవ తరగతి భౌతికశాస్త్రములో విద్యుత్ప్రవాహమను పాఠమున్నది. అందు ఓము నియమమును పరీక్షించుటకు ఒకటిన్నర వోల్టుల సెల్లులు అయిదింటిని ఒకదానివెంట నొకటి చేర్చుకొనుచు పోవలెను. అయిదును చేరినప్పుడు ఏడున్నర వోల్టులగును. పుస్తకములో ఇనుపచువ్వతో చేయుమని యున్నది గాని, చువ్వకు బదులు నిరోధకమును పెట్టి చేయించు ఉపాధ్యాయులును కలరు. ఇప్పుడు లెక్క చూడుడు. వోల్టులను వోల్టులతోనే హెచ్చవేసి ఓములతో భాగించినచో వాట్టులు వచ్చును. ఏడున్నరను ఏడున్నరతో హెచ్చవేసిన 56.25. నిరోధకము నూరు ఓములదైనచో పుట్టు వేడి 0.56 వాట్టు. పావు వాట్టు గింజ ఓర్వగలిగినదానికి ఇది రెండింతలకంటె నెక్కువ. మొదట వ్రేలు పెట్టరాకుండ కాలును, పిమ్మట పూత రంగు మారును, కమురుకంపు కొట్టును. వెంటనే తెగిపోయినచో మేలే. తెగక, ఓముల విలువ మాత్రము మారి, చూచుటకు మంచిదానివలె పెట్టెలోనికి తిరిగి పోవుట ఇంకను కీడు. మరుసటి తరగతి పిల్లలు ఎంత జాగ్రత్తగా కొలిచినను లెక్క కుదరదు. తప్పు తమదేయని తలంతురు. తప్పు తమదేయనుకొనుట మన యాడపిల్లలకు మరింత సులభము.

220 ఓములకు లెక్కించినను పావు వాట్టు దాటి కొంచెము పైచిలుకే వచ్చును. గోడ అంచుమీద నడచినట్లుండును. 470 ఓములైనచో 0.12 వాట్టు మాత్రమే. దానికి భయము లేదు. అన్నము పొంగునని తెలిసి గిన్నె ఒక కొలత పెద్దది పెట్టుకొనుట మనకు క్రొత్తగా నేర్పవలసినది కాదు. ఇక్కడను అదియే పద్ధతి: లెక్కకు వచ్చిన వాట్టులకు సుమారు రెండింతలు ఓర్చు రకమును కొనవలెను. నూరు ఓములవి రెండు వాట్టులవి, తప్పనిచో ఒక వాట్టువి; 220 మొదలుకొని పైవన్నియు అరవాట్టువి తెచ్చుకొన్నచో, పిల్లలు అయిదు సెల్లులును ఒక్కమారు తగిలించినను నష్టము రాదు. వేయి ఓములు దాటినవానికి లెక్క ప్రకారము పావు వాట్టే చాలును గాని, వానిని కూడ అరవాట్టువే కొనుడని మా సలహా. చిన్నపిల్లల వ్రేళ్లకు పట్టు చిక్కును, చారలు పెద్దవిగా కనబడును, తీగలు కొంచెము లావుగా నుండును.

తీగల మాట వచ్చినది గనుక దానినే ముందు ముగింతుము. మా ప్రాంతపు ఎఱ్ఱనేలలలో అల్లము పండును. సంతలో అల్లము కొనునప్పుడు ఒక కణుపు విరిచి పీచు చూడక తెచ్చువారెవరైన గలరా? నిరోధకములకును అట్టి పరీక్షలున్నవి; అంగడివాడు విసుగుకొన్నను చేయవలెను. ఒకదానిని కొని, దాని తీగను నడుమ వంచి, మరల నిలువుగా తీసి, ఇట్లు అయిదారుమార్లు చేసి చూడవలెను. తెగనిది బడికి పనికివచ్చును. అరమిల్లీమీటరుకంటె సన్నని తీగ గలదానిని తీసికొనకుండుటయే మంచిది. రెండవది అయస్కాంతపు పరీక్ష. చిన్న అయస్కాంతమును తీగ కొనకు చూపవలెను. కొన అంటుకొన్నచో లోపల ఇనుము, పైన రాగిపూత మాత్రమని గ్రహింపవలెను. అట్టిది పూత రాచుకొనిపోయినచోట తుప్పుపట్టును. అయితే ఒడలి దగ్గర అంటుకొన్నంతమాత్రమున దోషమెంచరాదు. అక్కడి చిన్న టోపీలు మంచి రకములలోను ఉక్కువే యుండును. ఈ భేదము తెలియక మంచి సరకును వెనుకకిచ్చినవారును కలరు.

ఎంత మంచి తీగయైనను ఒడలిని ఆనుకొని వంచినచో నిలువదు. పిన్నీసును అటునిటు వంచి త్రుంచుట చూచియున్నాము గదా. లోహము అలసి తెగును. సన్నమూతి పట్టుకారుతో ఒడలికి రెండుమూడు మిల్లీమీటర్ల దూరమున పట్టి, ఆవలి భాగమునే వంచవలెను. దీనిని పిల్లలకు మొదటి దినముననే నేర్పవలసియుండగా, పట్టుకారు పట్టీలో లేదని యెప్పుడును నేర్పరు. నిరోధకములలో పది తగ్గించియైనను ఒక పట్టుకారు వ్రాయించుడు.

అన్నిటికంటె మేలైన యుపాయము మరియొకటి యున్నది. ఆ తీగను పిల్లలచేత వంచనీయకుండుటయే అది. అరచేతి వెడల్పు చెక్కపలక మీద తగినంత యెడముగా రెండు ఇత్తడి మరలు బిగించి, వాని నడుమ నిరోధకమును టంకము పెట్టి నిలుపవలెను. పిల్లలు తమ తీగలను మరలకే చుట్టుదురు. నిరోధకము జోలికి పోనక్కరలేదు. చెక్కయు మరలును మన వడ్రంగుల యొద్ద మిగులు తుక్కులోనే దొరకును. పలకమీద విలువను పెద్ద అంకెలతో వ్రాసి, దానిపై చిన్న కాగితపు రెక్కను అంటించినచో, బాలబాలికలు ముందు చారలను చదివి విలువ చెప్పి, పిమ్మట రెక్క ఎత్తి సరిచూచుకొందురు. ఇట్టి పలకలు డజను చేయించినచో ఒక తరగతికి చాలును. మా యింట ఒక సెలవులలో చేసినవి అయిదేండ్లు గడచినను ఒక్కటియు మార్చవలసిన పని పడలేదు.

ఇక రకములు. లేత గోధుమరంగు ఒడలితో నాలుగు చారలుండునది బొగ్గుపొర రకము. దీని విలువ చెప్పినదానికంటె నూటికి అయిదు హెచ్చుతగ్గులు కావచ్చును. నీలపు ఒడలితో అయిదు చారలుండునది లోహపుపొర రకము. దీనిలో హెచ్చుతగ్గు నూటికి ఒకటి మాత్రమే. అంగడివారు రెండవదానినే పొగడుదురు. పొగడ్త అబద్ధము కాదు. వేడికి దాని విలువ తక్కువగా మారును. కాని బడిలోని అమ్మీటరు ముల్లు నూటికి ఒకటి భేదమును చూపలేదు. పైగా నీలపు ఒడలిమీద అయిదు చారలను ట్యూబులైటు వెలుతురున చదువుట పెద్దలకే కష్టము. గోధుమ, ఎఱుపు, నారింజ చారలు ఒకదానివలె నొకటి కనబడును. మగపిల్లలలో కొందరికి పుట్టుకతోనే ఎఱుపు పచ్చల భేదము తెలియదు. ఆడపిల్లలలో ఇది మిక్కిలి అరుదు. అందుచేత మేము పాఠములకు నాలుగు చారల బొగ్గుపొర అరవాట్టు రకమునే మెచ్చుకొందుము. బంగారు నగకు రత్తికి రత్తి చూతుము గాని, బియ్యము తూచుటకు కంసాలి త్రాసు తేము.

మూడవది తెల్లని సిమెంటు రకము. చూచుటకు చిన్న సుద్దముక్కవలె పలకలుగా నుండును. లోపల తీగచుట్ట యుండును. అయిదు వాట్టుల వరకు ఓర్చును. చారలు లేవు, విలువ అంకెలలోనే అచ్చు వేయబడియుండును. పది ఓములు, ఇరువదిరెండు ఓములు వంటి చిన్న విలువలకు ఇదియే తగినది. ఇది మిక్కిలి గట్టిదని పొగడువారు ఒక మాట చెప్ప మరతురు. అది మాడదు గాని పిల్లవాని వ్రేలిని మాడ్చును. పది ఓముల దానికి నాలుగు సెల్లులు తగిలించినచో మూడున్నర వాట్టులకు పైగా వేడి పుట్టును. నిరోధకము చెక్కుచెదరదు, ముట్టినవారి చేయి బొబ్బలెక్కును, సెల్లులును త్వరలో నీరసించును. పది ఓములదానిని ఒక్క సెల్లుతోనే వాడవలెను. అప్పుడు పావు వాట్టుకు లోపలనే యుండును. ఇంకొక సంగతి. రంధ్రముల ప్లాస్టిక్కు పలక, బ్రెడ్‌బోర్డు అందురు, దానిలో గ్రుచ్చుటకు లావు తీగలు పనికిరావు. లోపలి పట్టులు సడలి పలకయే చెడును. దానికి అరవాట్టు రకమే హద్దని యుంచుకొనుడు.

ఇవన్నియు జహీరాబాదులో ఒక్క అంగడిలో దొరకకపోవచ్చును. హైదరాబాదునకు పనిమీద పోవువారుండినచో కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరకును. దారి సుమారు నూరు కిలోమీటర్లు గనుక పట్టీ స్పష్టముగా వ్రాసి యీయవలెను: ఎన్ని ఓములు, ఎన్ని వాట్టులు, ఏ రకము, ఎన్ని. ఈ నాలుగింటిలో వాట్టులు వ్రాయ మరచుటయే అందరు చేయు పని.

రంగుచారలను చూచి భయపడు తల్లులకు ఒక మాట. మన పెద్దలు పద్యములలో సంవత్సరములను, లెక్కలను చెప్పుటకు భూతసంఖ్యలను వాడిరి. ఆకాశమన్న సున్న, చంద్రుడన్న ఒకటి, నేత్రములన్న రెండు, అగ్నులన్న మూడు, వేదములన్న నాలుగు, బాణములన్న అయిదు, ఋతువులన్న ఆరు, గిరులన్న ఏడు, వసువులన్న ఎనిమిది, గ్రహములన్న తొమ్మిది. మాటలకు బదులు ఇక్కడ రంగులు. అంతకంటె వింతయేమియు లేదు. నలుపు సున్న, గోధుమ ఒకటి, ఎఱుపు రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు, ఆకుపచ్చ అయిదు, నీలము ఆరు, ఊదా ఏడు, బూడిద ఎనిమిది, తెలుపు తొమ్మిది. మొదటి యక్షరములను కూర్చి "నగో ఎనా పఆ నీఊ బూతె" అని మా పిల్లలచేత సంధ్యవేళ ఎక్కములతోపాటు వల్లె వేయించితిమి. అర్థము లేకున్నను నోట నిలిచినది. భూతసంఖ్యలలో అంకెలు కుడినుండి యెడమకు నడచును, ఇక్కడ యెడమనుండి కుడికి. బంగారు చారను కుడివైపున నుంచుకొని చదువవలెను. పసుపు, ఊదా, గోధుమ, బంగారు అని యున్నచో నాలుగు, ఏడు, ప్రక్కన ఒక సున్న: 470 ఓములు, బంగారమన్నది నూటికి అయిదు హెచ్చుతగ్గు.

ఏబది ఓములదిమ్మని యడిగినచో లేదందురు, నలుబదియేడు ఇత్తురు. ఇది అంగడివాని మోసము కాదు. పది, పండ్రెండు, పదునైదు, పదునెనిమిది, ఇరువదిరెండు, ఇరువదియేడు, ముప్పదిమూడు, ముప్పదితొమ్మిది, నలుబదియేడు, ఏబదియారు, అరువదియెనిమిది, ఎనుబదిరెండు: ఈ పండ్రెండే వాడుక కొలతలు, పిమ్మట వీనికే సున్నలు చేరును. గాజులకు రెండు-నాలుగు, రెండు-ఆరు అని కొలతలున్నవి గదా. నడుమ చేతివారు దగ్గరి కొలతను తొడుగుకొందురు. అయితే గాజుల కొలతలు సమానమైన మెట్లమీద పెరుగును, ఇవి వడ్డీవలె పెరుగును. ప్రతిది వెనుకటిదానికి సుమారు ఒకటింబావుకు కొంచెము తక్కువ. నూటికి పది హెచ్చుతగ్గులున్నను, నలుబదియేడు హెచ్చి ఏబదియొకటి దాటును, ఏబదియారు తగ్గి ఏబది దగ్గరకు వచ్చును. నడుమ సందు మిగులదు. బుద్ధిమంతులు చేసిన యేర్పాటు.

ఓము అన్న పేరెవరిదని పిల్లలడుగుదురు. గియార్గ్ సైమన్ ఓము జర్మనీదేశమున ఎర్లాంగెను పట్టణమున 1789లో జన్మించెను. తండ్రి తాళములు చేయు కమ్మరి. తల్లి యాతని పదవయేటనే గతించినది. ఆ కమ్మరి తనంతట తాను చదువుకొని, కొడుకులిద్దరికిని ఇంటిలోనే గణితము చెప్పెను. ఓము 1817లో కొలోను పట్టణమున బడిపంతులుగా చేరెను. తండ్రి పనితనము చేతులలో నుండుటచే పరికరములను తానే చేసికొనెడివాడు. ఆ కాలపు విద్యుద్ఘటములు క్షణమొక తీరుగా నుండి కొలతలను చెడగొట్టుచుండగా, వానిని మాని, రెండు లోహముల యతుకును ఒకచోట మరుగునీటిలోను, ఒకచోట మంచులోను ఉంచి, చలింపని ప్రవాహమును సంపాదించి లెక్క తీసెను. 1827లో గ్రంథము ప్రకటించెను, తొలుత ఆదరించినవారు తక్కువ, ఉద్యోగమును విడిచెను. 1841లో లండనులోని రాయల్ సొసైటీవారు కోప్లీ పతకమిచ్చిరి. 1854లో గతించెను. 1881లో పారిసు నగరమున కూడిన విద్యుచ్ఛాస్త్రజ్ఞుల సభలో ఆతని పేరు కొలమానమునకు నిలిచినది. పంతుళ్ల యిండ్లలో ఈ కథను తప్పక చెప్పుకొనవలెను.

మా ప్రాంతమునను చెప్పుకొనదగిన దొకటి యున్నది. జహీరాబాదునకు చేరువనున్న మాచునూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములకు చెందిన దళితస్త్రీలు 2008 అక్టోబరులో సంఘం రేడియోను ప్రారంభించిరి. పొలములలో కలుపుతీసిన చేతులతో రికార్డు చేయు యంత్రములను, ధ్వనిని హెచ్చించి తగ్గించు మీటలను పట్టి తమ పాటలను, సేద్యపు ముచ్చటలను తామే ప్రసారము చేసిరి. వారికి ముందుగా ఎవ్వరును ఓము నియమమును బోధించి యుండరు. యంత్రమును చేతికిచ్చిరి, అంతే. మన హైదరాబాదులో 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వెలసినది; దానిని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావుగారు తెలుగువారే. ఇట్టిచోట పుట్టిన బాలికకు పదునైదేండ్లు వచ్చినను ఒక నిరోధకమును చేతపట్టి చూడలేదన్నచో వినుటకే వింతగా నున్నది. మీ బడి బీరువా తాళము ఎవరి యొద్ద నున్నదో, ప్రయోగమునాడు మీ యమ్మాయి ఏమి చేసినదో, ఒక్కమారు అడిగి చూడుడు. "ఏమి నేర్చితివి?" అని కాదు, "ఏది ముట్టితివి?" అని అడుగవలెను.

బడిలో ముట్టినవారు ఇంటను ముట్టగోరుదురు. అందుచేత ఈ హెచ్చరిక వ్రాయక తీరదు. నిరోధకమును గాని, దానితో చేసిన దేనినిగాని గోడలోని కరెంటు ప్లగ్గునకు ఎన్నడును తగిలింపరాదు. మన యిండ్ల కరెంటు 230 వోల్టులు. పైన చెప్పిన లెక్కనే చేసినచో 470 ఓములలో నూటపండ్రెండు వాట్టుల వేడి పుట్టును. అరవాట్టు గింజ టపాకాయవలె పగిలి కంటికి తగులవచ్చును. విద్యుద్ఘాతము మాట వేరుగా చెప్పనేల! సెల్లులతో మాత్రమే ఆటలు. పాత ఫోనుల బ్యాటరీలును వద్దు; తీగలు రెండును కలసినచో అవి మంటలు లేపును. ఈ లెక్కను మనము పిల్లలయెదుట పలకమీద చేసి చూపినచో, "వద్దు" అని పదిమార్లు కేకవేయుటకంటె ఎక్కువ పని చేయును.

భద్రపరచుట మనకు తెలిసిన విద్యయే. పాత పోపులపెట్టె యొకటి బడికీయుడు. ఏడు గిన్నెలకు ఏడు విలువలు: 100, 220, 470, వేయి, రెండువేలరెండువందలు, నాలుగువేలయేడువందలు, పదివేలు. పదవ తరగతి వరకు ఇంతకంటె అక్కరలేదు. ఒక్కొక్క గిన్నెలో విలువ వ్రాసిన చీటి వేయవలెను. మూతలోపల రంగుల పట్టిక అంటింపవలెను. వానకాలమున తీగల మెరుగు తగ్గి నల్లబడినచో పెన్సిలు చెరుపు రబ్బరుతో రుద్దిన చాలును.

సంవత్సరాంత పరీక్షలైన పిమ్మట, సెలవులకు ముందు, ఒక పూట మల్టీమీటరుతో అన్నింటిని కొలిచి చూడవలెను. కొలుచునప్పుడు రెండు తీగలను రెండు చేతులతో పట్టరాదు. పెద్ద విలువలలో మన దేహము కూడ దారియిచ్చి లెక్క తగ్గి కనబడును. విలువ నూటికి పదికంటె నెక్కువ మారినవానిని, తెగినవానిని ఏరివేయవలెను గాని పారవేయరాదు. అట్టివానిని వేరొక డబ్బీలో వేసి పైన ఎఱ్ఱ కాగితము చుట్టి యుంచుడు. వచ్చు సంవత్సరము పిల్లలకు రెండేసి మంచివి, ఒక చెడినది కలిపి యిచ్చి, చెడినదేదో కనిపెట్టుడని చెప్పవచ్చును. పోయినసారి ఈ పరీక్షలో ముందుగా చెప్పినది వెనుకవరుసలో కూర్చుండు బాలిక యని పంతులుగారు భోజనమునకు కూర్చుండుచు చెప్పిరి. ఆమె ఏ విధమున కనిపెట్టినదని యడిగితిమి. మీటరు తనవంతు వచ్చుటకు ఆలస్యమగుచుండగా, మూడింటిని సెల్లులకు తగిలించి ఏది వేడెక్కలేదో వ్రేలితో చూచినదట.